ఫోటోల పట్నం – 9: వెనుక తలుపు

గత సంచికలో రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదు స్టూడియో గుమ్మం దగ్గర ఆగాం. ఈ వారం అక్కడి నుంచి హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్‌ల మీదుగా అమెరికాలోని రోచెస్టర్ దాకా వెళ్ళి రావాలి. అందుకు కారణం ఈ పేటల్లో బీరువా తెరిస్తే కనబడే ఒక వస్తువు. పట్టుచీరల కిందో, పాత పాస్‌బుక్కుల పక్కనో తోలు సంచిలో ఒక యాషికా ఉంటుంది, లేదా పెంటాక్స్. ఇంకా వెనకటి ఇల్లయితే ఆగ్ఫా క్లిక్. బటన్ నొక్కితే షట్టర్ ఇప్పటికీ టక్కుమంటుంది. లెన్సుకు కాస్త బూజు పట్టి ఉండొచ్చు, అంతే. దీన్ని డిజిటల్‌గా మార్చించుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

అది అమాయకపు ప్రశ్నేమీ కాదు. బజారులో అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి డిజిటల్ ఎస్సెల్లార్ అచ్చంగా అలా మార్చిన ఫిల్ము కెమెరానే. మరి ఆ మార్పు మన బీరువాల దాకా ఎందుకు రాలేదు? జవాబంతా కెమెరా వెనుక తలుపులో ఉంది.

పెట్టె ఒకటే, పలకలు వేరు

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉంటూ 1870లలో కెమెరా పట్టాడు. అప్పటిదాకా రాజ్యమేలింది తడి పలక పద్ధతి. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. ఊరి బయట ఫోటో తీయాలంటే చీకటి గుడారం కూడా వెంట రావాల్సిందే. 1871లో రిచర్డ్ లీచ్ మ్యాడాక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూతను ప్రతిపాదించాడు. ఆ దశాబ్దం ముగిసేసరికి పొడి పలకలు పెట్టెల్లో అమ్మే సరుకయ్యాయి. తీసిన పలకను తీరిగ్గా ఇంటికి తెచ్చి కడుక్కునే వీలొచ్చింది.

పలక మారినా ఫోటోగ్రాఫరు తన కెమెరాను పారేయనవసరం లేకపోయింది. ముందు లెన్సు, మధ్యలో మడతల తోలుతిత్తి, వెనుక పలకను దూర్చే చట్రం. తడి పలక పట్టిన పెట్టెలోనే పొడి పలకా పట్టింది. తరువాత రోజుల్లో రేకు తొడుగు వేస్తే అదే చట్రంలో షీటు ఫిల్మూ పట్టింది. అంటే కెమెరాను కొత్త పద్ధతికి మార్చుకోవడం ఫోటోగ్రఫీ తొలినాళ్ళ నుంచీ ఉన్న మామూలు సంగతే. వెనుక భాగం విడిగా ఊడి రావాలి, అదొక్కటే షరతు.

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరైన దీన్ దయాళ్ 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. 1892లో పరదా స్త్రీల కోసం హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచాడు. 1905లో కన్నుమూశాడు. ఆ కుటుంబం దాచిన 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. నిజాం కాలపు హైదరాబాదును ఇవాళ మనం అంత స్పష్టంగా చూడగలుగుతున్నామంటే ఆ కుటుంబం పలకలను పారేయకపోవడం వల్లే.

1888లో ఈస్ట్‌మన్ కోడక్ కెమెరా చుట్ట ఫిల్మును జనంలోకి తెచ్చింది. 1925లో జర్మనీ నుంచి వచ్చిన లైకా, సినిమాకు వాడే 35 ఎం.ఎం. ఫిల్మునే చిన్న కెమెరాలోకి ఎక్కించింది. జేబులో పట్టే కెమెరా, వరసగా 36 ఫోటోలు. దాంతోపాటు ఇంకో మార్పు కూడా జరిగింది. పలక చట్రం పోయి, క్రమంగా బందు మీద తెరుచుకునే తలుపు వచ్చింది. ఫిల్ము పరుచుకునే చోటు ఫిల్ము మందానికి సరిగ్గా కొలిచి బిగించినదైంది. వాడకం సులువైంది గానీ, లోపల వేరే ఏదీ పెట్టడానికి చోటు లేకుండా పోయింది.

రీళ్ళ రోజులు

1960ల తర్వాత మన మధ్యతరగతి ఇళ్ళలోకి కెమెరా మెల్లగా అడుగుపెట్టింది. వడోదరలో తయారైన ఆగ్ఫా క్లిక్-3లో 120 రీలు వేస్తే 12 చదరపు ఫోటోలు. 1960లో ఊటీలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో రీళ్ళు అమ్మేది. తూర్పు జర్మనీ ఓర్వో రీళ్ళూ దొరికేవి. పన్నెండే ఫోటోలు కాబట్టి ప్రతి క్లిక్కుకూ ఇంటిల్లిపాదీ ఆలోచించాల్సి వచ్చేది. రీలు అయిపోయేదాకా, ఒక్కోసారి ఉగాది నుంచి సంక్రాంతి దాకా, ఫోటో ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు.

స్టూడియోలది వేరే లోకం. ముందు గదిలో స్టూలు, తెర, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదిలో ఎర్ర బల్బు, హైపో వాసన. నెగటివ్ మీద సన్న పెన్సిలుతో మొటిమలూ ముడతలూ మాయం చేసే పనిని టచింగ్ అనేవాళ్ళు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాట్యమైనా, అవధానమైనా, పుస్తకావిష్కరణైనా వేదిక ముందు ఫ్లాష్ మెరవాల్సిందే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య, ఓడియన్ థియేటర్ల అద్దాల అరల ముందు నిలబడి స్టిల్స్ చూసిపోవడం టికెట్టు లేని వినోదం.

1990లలో కోడక్ కేబీ-10 లాంటి చవక కెమెరాలు, రంగుల రీళ్ళు, గంటలో ప్రింట్లిచ్చే ల్యాబులు విస్తరించాయి. రంగుల నెగటివ్‌ను కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్ వేడి 38 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. పావు డిగ్రీ అటూ ఇటూ అయినా రంగు చెడుతుంది. ఆ పనికి యంత్రం కావాలి, యంత్రానికి లక్షలు కావాలి. అందుకని చిన్న స్టూడియో తన డార్క్ రూమ్ మూసుకుని, రీళ్ళు పోగుచేసి ల్యాబుకు పంపడం మొదలుపెట్టింది. డార్క్ రూమ్‌ను చంపింది డిజిటలేనని మనం అనుకుంటాం. తొలి దెబ్బ కొట్టింది మాత్రం రంగుల ఫిల్మే.

రోచెస్టర్ నుంచి అంతరిక్షం దాకా

1969లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లు వెలుతురును విద్యుత్తుగా పట్టుకునే సీసీడీని కనిపెట్టారు. 2009లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. 1975 డిసెంబరులో రోచెస్టర్‌లోని కోడక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే పాతికేళ్ళ ఇంజనీరు ఆ సీసీడీతో తొలి డిజిటల్ కెమెరా కట్టాడు. నిలువూ అడ్డమూ నూరేసి చుక్కలు, అంటే మొత్తం 10,000 పిక్సెళ్ళు. బరువు 3.6 కిలోలు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే టీవీకి తగిలించాలి. లెన్సు మాత్రం కోడక్ వాళ్ళదే సూపర్-8 ఫిల్ము మూవీ కెమెరాది. తొలి డిజిటల్ కెమెరాకు కన్ను ఫిల్ము కెమెరా ఇచ్చిందన్నమాట.

అసలు మలుపు 1991లో వచ్చింది. కోడక్ ఇంజనీర్లు నికాన్ ఎఫ్3 అనే పేరున్న ఫిల్ము కెమెరాను తీసుకుని, వెనుక తలుపు ఊడదీసి, దాని చోట 13 లక్షల పిక్సెళ్ళ సెన్సర్ ఉన్న కొత్త వీపు బిగించారు. దానికి డీసీఎస్ అని పేరు పెట్టి అమ్మారు. కెమెరా చేతిలో ఉంటే, 200 మెగాబైట్ల హార్డ్ డిస్కూ బ్యాటరీలూ ఉన్న పెట్టె భుజానికి వేలాడాలి. రెండింటికీ మధ్య తీగ. డిస్కులో 156 ఫోటోలు పట్టేవి. ధర 20,000 డాలర్ల పైమాటే, అంటే అప్పటి మారకంలో నాలుగైదు లక్షల రూపాయలు. మొత్తం అమ్ముడుపోయినవి 987.

ఆ ఏడాదే సెప్టెంబరులో ఎస్టీఎస్-48 యాత్రలో డిస్కవరీ షటిల్ ఎక్కి అంతరిక్షానికి వెళ్ళిన నాసా ఎలక్ట్రానిక్ స్టిల్ కెమెరా కూడా మార్చిన ఫిల్ము కెమెరానే. అది నికాన్ ఎఫ్4. 1994లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ కోడక్‌తో కలిసి నికాన్ ఎన్90 మీద ఎన్‌సీ2000ను తయారుచేయించుకుంది. పత్రికకు కావాల్సింది వేగం. రీలు కడిగి ఆరబెట్టే సమయం మిగిలితే పేజీ మూసేలోపు ఫోటో చేరుతుంది. నాణ్యత సంగతి అంతంతమాత్రమే. పరారుణ కిరణాలను ఆపే ఫిల్టరు సరిగా లేక నల్లకోటు ఊదా రంగులో వచ్చేది. అయినా న్యూస్ డెస్కులు సర్దుకుపోయాయి.

ఇవన్నీ లక్షలు పోసి, ఒక్కో మోడలుకు విడిగా డిజైను చేసి, ఫ్యాక్టరీలో చేసిన మార్పులు. బీరువాలోని కెమెరాకు బజారులో చేయించే మార్పు ఇంకోటి. అక్కడ భౌతికశాస్త్రం అడ్డు నిలుస్తుంది.

0.2 మిల్లీమీటర్ల తగువు

35 ఎం.ఎం. కెమెరా తలుపు తెరిస్తే మధ్యలో 36 × 24 మిల్లీమీటర్ల కిటికీ కనిపిస్తుంది. దాని పైనా కిందా ఫిల్ము జారే పట్టాలు. తలుపుకు లోపలివైపు ఫిల్మును చదునుగా అదిమే ప్రెషర్ ప్లేటు. పట్టాలకూ ప్లేటుకూ మధ్య సందు సుమారు 0.2 మిల్లీమీటర్లు. నికాన్ అయితే లెన్సు మౌంటు నుంచి ఫిల్ము దాకా దూరం 46.5 మిల్లీమీటర్లు. ఇందులో వెంట్రుకంత తేడా వచ్చినా ఫోకస్ తప్పుతుంది.

సెన్సర్ కూర్చోవాల్సింది సరిగ్గా ఆ ఫిల్ము తలంలోనే. కానీ సెన్సర్ ఒంటరిగా రాదు. దాని ముందు రక్షణ గాజు, ఫిల్టరు ఉంటాయి. వెనుక సర్క్యూటు బోర్డు ఉంటుంది. ముందున్న గాజు షట్టరుకు తగలకూడదు, వెనకున్న బోర్డు తలుపును మూసుకోనివ్వాలి. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్ల నేతగాడి పనితనం కావాలిక్కడ.

రెండో చిక్కు కబురు. ఫిల్ము ఎప్పుడూ మేలుకునే ఉంటుంది, షట్టరు తెరుచుకుంటే వెలుతురు పట్టేస్తుంది. సెన్సరును మాత్రం ఆ క్షణానికి సిద్ధం చేయాలి. పాత కెమెరాకు ఆ సంగతి చెప్పే తీగే లేదు. ఫ్లాష్ కోసం పెట్టిన సింక్ సాకెట్ నుంచి ఆ కబురు లాగడం ఒక దారి.

మూడోది పరిమాణం. ఫిల్ము గడి అంత సెన్సర్ చాలా ఖరీదు. చిన్నది పెడితే లెన్సు చూపే దృశ్యంలో నడిమి ముక్కే దక్కుతుంది. డీసీఎస్‌లో 50 ఎం.ఎం. లెన్సు 90 ఎం.ఎం.లా పనిచేసేది. ఇవాళ ఇంజనీరింగు కుర్రాళ్ళు ప్రాజెక్టులకు వాడే రాస్ప్‌బెర్రీ పై హెచ్‌క్యూ కెమెరా సెన్సర్ మూల నుంచి మూలకు 7.9 మిల్లీమీటర్లే. దాన్ని పాత కెమెరా వెనుక అమర్చితే అదే 50 ఎం.ఎం. దాదాపు 275 ఎం.ఎం. అవుతుంది. గదిలో ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కూడా పూర్తిగా పట్టదు.

డబ్బాలో దూరని కల

ఫిల్ము చుట్ట ఆకారంలోనే డిజిటల్ చుట్ట చేస్తే? డబ్బాలో బ్యాటరీ, నాలుకలా బయటికొచ్చిన రేకు మీద సెన్సర్, కెమెరాకు ఏ మార్పూ అక్కర్లేదు. ఈ కలను అమ్మజూపింది సిలికాన్ ఫిల్మ్ అనే అమెరికా కంపెనీ. 1998లో ఇమేజెక్ పేరుతో ప్రకటన వచ్చింది. 2001లో 13 లక్షల పిక్సెళ్ళ నమూనాను ప్రదర్శనలో చూపించారు. కొన్ని నికాన్, కానన్ మోడళ్ళకే సరిపడే ఆ సరుకు దుకాణానికి చేరకముందే, 2001 సెప్టెంబరులో కంపెనీ పని ఆపేసింది. అప్పటికి పూర్తి స్థాయి డిజిటల్ కెమెరాల ధరలు దిగడం మొదలైంది.

కల మాత్రం చావలేదు. 2011 ఏప్రిల్ 1న ఆర్‌ఈ-35 అనే డిజిటల్ చుట్ట వచ్చేసిందని ఒక డిజైన్ సంస్థ ప్రకటిస్తే ప్రపంచమంతా నమ్మింది. తేదీ చూసుకున్నాక గానీ అది వేళాకోళమని తెలియలేదు. 2018 నుంచి స్విట్జర్లాండ్‌కు చెందిన ఐయామ్ బ్యాక్ అనే సంస్థ జనం దగ్గర ముందస్తు చందాలు పోగుచేసి పాత కెమెరాలకు డిజిటల్ వీపులు తయారుచేస్తోంది. తొలి నమూనాల్లో లెన్సు వేసిన బొమ్మ ఒక తెర మీద పడితే, దాన్ని చిన్న సెన్సర్ మళ్ళీ ఫోటో తీసేది. తరవాతిది ఫిల్ము తలంలోనే మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సరును కూర్చోబెట్టింది. అందులో బ్యాటరీ, తెర మాత్రం కెమెరా అడుగున తగిలించిన పెట్టెలోనే ఉండేవి. ముప్పై ఏళ్ళు గడిచినా డీసీఎస్ నాటి భుజం మీది పెట్టె కెమెరా కిందికి దిగిందే తప్ప మాయం కాలేదు.

కెమెరా కంపెనీ తానే పూనుకున్న సందర్భం ఒకటుంది. లైకా తన ఆర్8, ఆర్9 ఫిల్ము కెమెరాలకు తలుపు తీసి తగిలించుకునే కోటి పిక్సెళ్ళ డిజిటల్ మాడ్యూల్ ఇచ్చింది. కావాలంటే సాయంత్రానికి మళ్ళీ ఫిల్ము తలుపు బిగించుకోవచ్చు. అదీ 2007 నాటికి ఆగిపోయింది.

నిజంగా గెలిచింది పలకల కాలపు తర్కాన్ని వదలని కెమెరాలే. స్వీడన్ హాసెల్‌బ్లాడ్‌కు మొదటినుంచీ ఫిల్ము పెట్టె విడిగా ఊడి వస్తుంది. 1990ల ఆరంభంలోనే లీఫ్ కంపెనీ అలాంటి కెమెరాలకు 40 లక్షల పిక్సెళ్ళ డిజిటల్ వీపు ఇచ్చింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో మూడుసార్లు తీస్తేనే ఒక రంగు ఫోటో. 2024లో హాసెల్‌బ్లాడ్ స్వయంగా తెచ్చిన సీఎఫ్‌వీ 100సీ, పది కోట్ల పిక్సెళ్ళతో 1957 నాటి 500సీ వెనుక కూడా కూర్చుంటుంది. ఆ వీపు ధర పెట్టలేని స్టూడియోకు మాత్రం ఆ ముచ్చట తీరదు.

మన పేటల్లో మారిందేమిటి

చిక్కడపల్లి, నారాయణగూడ స్టూడియోలకు ఈ గొడవంతా అక్కర్లేకపోయింది. మారకుండా నిలిచింది లెన్సు. నికాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంటునే 1999 నాటి డిజిటల్ డీ1కూ ఉంచింది. 2000లో ఫుజి కంపెనీ నికాన్ ఎఫ్60 ఫిల్ము కెమెరా చట్రం మీదే ఎస్1 ప్రో కట్టింది. నికాన్ లెన్సులున్న ఫోటోగ్రాఫరు వాటిని అమ్ముకోకుండానే డిజిటల్‌లోకి మారగలిగాడు. 2003లో కానన్ 300డీ వెయ్యి డాలర్ల లోపు ధరకు దిగాక పెళ్ళి ఫోటోగ్రాఫర్లకు లెక్క తేలిపోయింది. రీళ్ళ ఖర్చు లేదు, ల్యాబు తిరుగుడు లేదు. ప్రింట్లు అతికించే ఆల్బమ్ పోయి, పేజీ మొత్తం డిజైనుతో నిండే కరిష్మా ఆల్బమ్ వచ్చింది.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లదీ ఇదే దారి. రేకు డబ్బాల్లో రీళ్ళు మోసుకొచ్చే రోజులు పోయి డిజిటల్ ప్రొజెక్టర్లు వచ్చాయి. అశోక్‌నగర్‌లో ఈ మార్పు ఇంకో రూపం దాల్చింది. గ్రూప్స్ కోచింగు, సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ తిరిగే వేలమంది అభ్యర్థులకు ఫోటో అంటే దరఖాస్తు. ఒకప్పుడు అరడజను పాస్‌పోర్టు సైజు కాపీలు, వెనక పేరు, జిగురు సీసా. ఇప్పుడు ఇన్ని కేబీల లోపు ఫైలు, తెల్లని వెనక తెర. అక్కడి స్టూడియోకు డిజిటల్ అంటే కొత్త కెమెరా కన్నా ముందు కొత్త కంప్యూటరు, కొత్త ప్రింటరు.

కాబట్టి బీరువాలోని యాషికా గురించి తీర్పు ఇది. దాన్ని డిజిటల్ చేయడం సాధ్యమే, కానీ డబ్బుకు తగ్గ ఫలితం రాదు. ఆ సొమ్ముతో మంచి వాడిన డిజిటల్ కెమెరా కొనుక్కుని, సరిపడే మౌంటు అయితే పాత లెన్సుకు అడాప్టరు వేసుకోవచ్చు. లేదంటే యాషికాలో రీలే వేసి తీయొచ్చు. అది పుట్టింది అందుకే.

మార్చవలసినవి వేరే ఉన్నాయి. అదే బీరువాలో, కెమెరా పక్కనే, స్టూడియో కవర్లలో నెగటివ్‌లు ఉంటాయి. వాటిని చెత్తలో వేయకండి. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి తూకానికి కొనేవాళ్ళూ వస్తారు, అమ్మకండి. ఎల్ఈడీ లైట్ ప్యాడ్ మీద నెగటివ్ పరిచి, మాక్రో లెన్సున్న 2.4 కోట్ల పిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో నిలువుగా ఫోటో తీస్తే అంగుళానికి 4,200 పైచిలుకు చుక్కల స్కాన్ వస్తుంది. కంప్యూటరులో రంగులు తిరగేస్తే చాలు. వెనిగర్ వాసన వేసే ఫిల్ము చెడిపోతోందని గుర్తు. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి ముందుగా స్కాన్ చేయించండి. మిగిలినవాటిని పీవీసీ కవర్లలో కాక కాగితపు కవర్లలో పెట్టి, మన ఎండాకాలపు వేడి తగలని చల్లని, పొడి చోట దాచండి. స్కాన్ అయిపోయిందని నెగటివ్ పారేయొద్దు. మీ వీధిలో పాత స్టూడియో ఏదైనా మూతపడబోతుంటే వెళ్ళి మీ ఇంటి నెగటివ్‌లు అడగండి. స్వాతంత్ర్యం తర్వాతి యాభై ఏళ్ళ నగర చరిత్ర ఏ ఆస్థాన ఫోటోగ్రాఫరు దగ్గరా లేదు, మీ బీరువాల్లోనే ఉంది.

(సశేషం)